అక్క సగం

కాశిబుగ్గలో ఆ ఇంటి ముందు గది మొత్తం మగ్గమే. మరి మనుషులు ఎక్కడుంటారంటే, మగ్గం వదిలిపెట్టిన చోట ఉంటారు. దాని మీద వెడల్పు జంపఖానాలు నేస్తారు కాబట్టి ఒక్క మనిషి చేతులు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా అందవు. ఇద్దరు కావాలి. ఒకే పీట మీద కుడిపక్కన కళావతి, ఎడమపక్కన యమున కూర్చుంటారు. ఇద్దరూ తోడికోడళ్లు. తోడికోడళ్లంటే ఒకరి మీద ఒకరు కత్తులు నూరుకుంటారని లోకానికి గట్టి నమ్మకం. వీళ్లిద్దరి విషయంలో వాడకట్టు ఆడవాళ్లకు ఎప్పుడూ నిరాశే మిగిలేది.

నేతలో ఎవరి సగం వాళ్లది. కళావతి కుడి అంచు నుంచి తన దారం తెస్తుంది, యమున ఎడమ అంచు నుంచి తనది తెస్తుంది. నడుమ రెండు దారాలూ ఒకదాన్నొకటి మెలేసుకుని ఎవరి దారిన అవి వెనక్కి తిరుగుతాయి. అప్పుడు ఇద్దరూ ఒక్కసారే ఇనుప పళ్ల పంజా ఎత్తి దారాన్ని కిందికి కొడతారు. ఒకరు తొందరపడి, ఒకరు వెనకబడ్డారా, జంపఖానా వంకరపోతుంది.

పెళ్లై ఈ ఇంటికి వచ్చిననాడు యమునకు పంజా పట్టడం కూడా తెలియదు. వాళ్ల నాయన ఎప్పుడో మగ్గం వదిలేసి మరిపెడ పక్క మిరపచేన్లలో కూలికి దిగినవాడు. కళావతి ఆమె చేతి మీద చెయ్యి వేసి నేర్పింది. యమునకు జ్వరం వచ్చిన రోజుల్లోనూ, కడుపు పోయి మంచం పట్టిన రోజుల్లోనూ ఎడమ సగం ఆగలేదు. కళావతి చప్పుడు చేయకుండా నడిమి గీత దాటి ఇవతలికి వచ్చి, నాలుగు వరసలు నేసి, మళ్లీ తన చోటికి జరిగేది. అడిగితే మాత్రం ఒప్పుకునేది కాదు.

"నేనెందుకు నేస్తనే? నువ్వే నేసినవ్. జరమొస్తె యాది ఉండదు మనిషికి."

అలాంటి ఇంట్లోకి టెన్త్ పరీక్ష వచ్చి పడింది. వాడకట్టు ఆడపిల్లలకు జంపఖానాల నేత నేర్పడానికి ఒక శిక్షణ కేంద్రం తెరుస్తారని, నేర్పడానికి ఒక జోడీ కావాలని, ఆ ఇద్దరికీ నెల జీతం ఉంటుందని మాట పుట్టింది. పుట్టిన మాటకు ఒక తోక కూడా ఉంది. ఇద్దరూ టెన్త్ పాసై ఉండాలి. కళావతి చదువు ఏడుతో ఆగింది, యమునది ఐదుతో. ఓపెన్ స్కూల్లో కట్టి ఇంట్లో చదువుకుని రాయొచ్చని తెలిసిన రోజే కళావతి ఇద్దరి పేర్లూ రాయించి వచ్చింది. యమునను అడగను కూడా అడగలేదు.

యమున పెనిమిటి యాకయ్య ఎనుమాముల మార్కెట్లో మూటలు మోస్తాడు. ఆ సంగతి విని పడీ పడీ నవ్వాడు. "నలభై ఏండ్లకు పలకా బలపమా? జరంత ఆగుండ్రి, నేను గూడ లాగు ఏసుకోని వస్త."

కళావతి పెనిమిటి, ఆటో నడిపే రాంప్రసాద్ మాత్రం నవ్వలేదు. ఆయన మాటకారి కాదు. మర్నాడు ఆటోలో పుస్తకాలు తెచ్చి మగ్గం పక్కన పెట్టి వెళ్లిపోయాడు.

తెలుగు పద్యాలు ఇద్దరికీ నోటికి వచ్చాయి. గృహ విజ్ఞానమంటే వంటింట్లో చేసేదే. లెక్కలు రాత్రి భోజనాలయ్యాక కుస్తీ పట్టి ఏదో గట్టెక్కారు. సోషల్ ఒక్కటే ఇద్దరికీ కొరకరాని కొయ్య అయింది. ఎంత చదివినా నిలవదు, నిలిచింది నిద్రలేచేసరికి పోతుంది. చేతులు ఖాళీ ఉంటే కదా పుస్తకం పట్టడానికి! అప్పుడు కళావతికి ఒక ఉపాయం తట్టింది.

"గింత పెద్ద జంపఖానా చెరి సగం నేస్తలేమా? గిది గూడ గట్లనే చేద్దాం."

పాఠంలో ఒక వాక్యం కింద ఎర్ర గీత, తరవాతి వాక్యం కింద నీలం గీత. ఎర్రది కళావతిది, నీలంది యమునది. పొద్దున ఎవరి వాక్యాలు వాళ్లు చూసుకుని మగ్గం మీద కూర్చుంటే, ఇక పంజా దెబ్బకు ఒక మాట. కళావతి గొంతు సవరించుకుని మొదలుపెట్టేది. "ఒకటి, సమానత్వపు హక్కు." యమున అందుకునేది. "రెండు, స్వేచ్ఛా హక్కు." "మూడు, పీడనాన్ని నిరోధించే హక్కు." "నాలుగు, మత స్వేచ్ఛా హక్కు." "ఐదు, సాంస్కృతిక, విద్యా హక్కు." "ఆరు, రాజ్యాంగ పరిహార హక్కు." ఆరు హక్కులూ అయ్యేసరికి ఆరు వరసలు. పాఠాలు పరుగెత్తాయి. దక్కన్ పీఠభూమి, నల్లరేగడి నేలలు, పంచాయతీ రాజ్, అన్నీ ఆ నడిమి గీత దగ్గర మెలేసుకుని తిరుగుతూ నిలబడ్డాయి. యమున జన్మలో అంత సంతోషంగా ఏదీ నేర్చుకోలేదు. అది చదువులా ఉండేది కాదు, అక్కతో ముచ్చటలా ఉండేది.

ఆదివారం పూట సర్కారు బడిలో క్లాసులు. చెప్పేది కిషన్ రావు సారు, రిటైరైన సోషల్ టీచరు. ఒకనాడు ఆయన యమునను లేపి ప్రాథమిక హక్కులు చెప్పమన్నాడు. యమున నిలబడి నోరు తెరవకుండా కళావతి వైపు చూసింది.

"అటేం చూస్తావమ్మా? చెప్పు."

"మొదటిది అక్కది, సార్."

క్లాసంతా గొల్లుమంది. కళావతి కూర్చున్న చోటు నుంచే "సమానత్వపు హక్కు" అంది, యమున టక్కున "స్వేచ్ఛా హక్కు" అంది. అలా ఆరూ ఒప్పజెప్పారు. సారు కూడా నవ్వాడు కానీ, నవ్వాక కళ్లజోడు తీసి తుడుచుకుంటూ అన్నాడు.

"బాగానే ఉంది. పరీక్షలో ఇద్దరినీ కలిపి ఒకే పేపరు రాయనిస్తారనుకుంటున్నారా? పరీక్ష దగ్గర పడేలోపు ఒకరి సగం ఒకరు నేర్చుకోండి."

"నేర్చుకుంటం సార్, ఇంకా మస్తు దినాలున్నయి" అంది యమున. కళావతి పుస్తకం సంచిలో పెట్టుకుంది.

దినాలున్నాయనుకున్నది యమున ఒక్కతే. ఆ చలికాలం కళావతికి ఆయాసం మొదలైంది. పంజా నాలుగు దెబ్బలు వేస్తే ఆగి ఊపిరి తీసుకోవాల్సి వచ్చేది. దూది దుమ్ము పడి దగ్గు రావడం నేతపనిలో మామూలే కాబట్టి మొదట ఎవరూ పట్టించుకోలేదు. రాంప్రసాద్ మాత్రం రోజూ ఆటో స్టార్టు చేసి అడిగేవాడు. "దవాఖానకు పోదామా?" ఆమె రోజూ ఒకటే మాట చెప్పేది. "గీ పరీక్ష గానీ. ఒక్కసారి మంచంల పడేస్తె లేవనియ్యరు."

పరీక్ష కాకముందే తీసుకెళ్లాల్సి వచ్చింది. పెద్ద దవాఖానలో గుండె బలహీనపడిందని, ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని చెప్పారు. మూడో రోజు తెల్లవారుతుండగా కళావతి పోయింది. మగ్గం మీద జంపఖానా సగంలో ఉంది. పుస్తకం మగ్గం పక్కనే తెరిచి ఉంది.

పదకొండో దినం కూడా అయిపోయాక పోస్టులో రెండు హాల్ టికెట్లు వచ్చాయి. ఇద్దరూ ఒకే రోజు కట్టారు కాబట్టి నంబర్లు పక్కపక్కనే పడ్డాయి. చనిపోయినామె సంగతి ఎవరికి చెప్పాలో ఈ ఇంట్లో ఎవరికీ తెలియదు. యమున పరీక్షకు పోనంది. కళావతి పోయాక రాంప్రసాద్ అప్పుడే మొదటిసారి నోరు విప్పాడు. "మీ అక్క నీ పేరు రాయించింది నిన్ను ఇంట్ల కూసోబెట్టనీకి గాదు యమునా." ఆటోలో ఎక్కించుకుని తీసుకెళ్లి సెంటర్ గేటు దగ్గర దించాడు.

మిగతా పేపర్లు ఎలాగో అయ్యాయి. సోషల్ పరీక్ష రోజు కూడా యమున పక్క బెంచీ మీద కళావతి నంబరు అతికించి ఉంది, బెంచీ ఖాళీగా ఉంది. హాల్లో తిరుగుతున్న మేడం వచ్చి అడిగింది.

"ఈమె మీతోపాటేనా? రోజూ రావట్లేదే?"

"రాదు మేడం."

"అయ్యో, ఎందుకు?"

యమున పెన్ను మూత తీసింది. "పని పడ్డది" అంది.

మేడం ఆ నంబరుకు ఎదురుగా ఏదో రాసుకుని ముందుకు పోయింది.

ప్రాథమిక హక్కుల ప్రశ్న వచ్చింది. యమున ఒకటి అని అంకె వేసి ఆగింది. పక్కనుంచి అక్క గొంతు సవరించుకున్న చప్పుడు స్పష్టంగా వినిపించింది. ఆ తరవాత మాట రావాలి. యమున పెన్ను పట్టుకుని ఎదురుచూసింది, కానీ మాట రాలేదు. ఆమె మూడు గీతలు వదిలేసి, రెండు వేసి, స్వేచ్ఛా హక్కు అని రాసింది. మళ్లీ మూడు దగ్గర చోటు వదిలింది, నాలుగు రాసింది. అక్క వచ్చి నింపుతుందన్నట్టు చోటు వదులుకుంటూ పేపరంతా అలాగే రాసింది. నల్లరేగడి నేల తేమను పట్టి ఉంచుతుందని రాసింది, అందువల్ల ఏం పండుతుందో రాయలేదు. పత్తి అని ఆమెకు తెలియక కాదు. పత్తిలోనే కదా బతుకంతా! కానీ ఆ వాక్యం ఆమెది కాదు, దాన్ని ముట్టుకోవడానికి చెయ్యి రాలేదు.

ఫలితాలు వచ్చాయి. యాకయ్య నెట్ సెంటర్‌కు పోయి చూసి వచ్చాడు, ఈసారి నవ్వలేదు. "అన్ని పాసైనవ్. సోషల్ ఒక్కటి పోయింది. ఫికర్ చెయ్యకు, దసరా పక్కకు మళ్ల రాయొచ్చట." శిక్షణ కేంద్రం వాళ్లు కూడా జోడీలో ఒకరిని ఇప్పుడు తీసుకుంటామని, రెండోవాళ్లను తరవాత చూస్తామని, యమున సోషల్ గట్టెక్కితే చాలని కబురు చేశారు.

ఇల్లు గడవాలంటే ఆ జీతం కావాలి. అది అందరికంటే యమునకే బాగా తెలుసు. అయినా ఆమె పుస్తకం తీసి నీలం గీతలే చదివేది. ఎర్ర గీత వస్తే కళ్లు వాటంతటవే కింది వాక్యానికి జారిపోయేవి. మగ్గం మీద ఆగిపోయిన జంపఖానాకు పాత చీర కప్పి, కండెలు చుట్టే కూలికి దిగింది. వెనక గల్లీ కట్టమ్మను తెచ్చి కుడిపక్కన కూర్చోబెడదామని యాకయ్య అంటే ఇంతెత్తున లేచింది.

"అక్క జాగల ఎవ్వరన్న కూసుంటె నేను గీ ఇంట్ల ఉండ!"

"ఎన్నొద్దులు గట్లనే ఖాళీగ పెడ్తవే?" అన్నాడు యాకయ్య మెల్లగా.

ఆమె జారిన పాత చీరను లాగి మళ్లీ మగ్గం మీద కప్పింది. అక్క చోటు ఖాళీగా ఉన్నంతకాలం అక్క ఎక్కడికో పోయి వస్తుందన్నట్టే ఉండేది. అక్క వాక్యాలు తనకు రానంతకాలం అవి అక్క దగ్గరే ఉన్నట్టు. వాటిని తను నేర్చేసుకుంటే ఇక అక్కకు ఈ ఇంట్లో ఏం మిగులుతుంది? ఇది పిచ్చి అని ఆమెకు తెలుసు. తెలిసినంత మాత్రాన పోయే పిచ్చి కాదది.

వానలు పడుతున్న ఒక మధ్యాహ్నం యమున గోడకు ఆనుకుని కూర్చుని తన వాక్యాలు వల్లె వేస్తోంది. రాంప్రసాద్ కిరాయిలు లేక ఇంటికి వచ్చి, అలవాటుగా గడప బయట అరుగు మీద వీధివైపు తిరిగి కూర్చున్నాడు. తమ్ముడి భార్య ఎదుట గదిలోకి వచ్చి కూర్చునే మనిషి కాదాయన.

యమున పెదవులు కదిలాయి. ఒకటి దగ్గర ఎప్పటిలా ఆగింది.

"సమానత్వపు హక్కు" అన్నాడు రాంప్రసాద్ బయటి నుంచి.

యమున ఉలిక్కిపడింది. ఆయన ఆగలేదు. తిరిగి చూడకుండానే, వానకేసి చూస్తూ, తడుముకుంటూ చెప్పుకుపోయాడు. "రెండు స్వేచ్ఛా హక్కు. మూడు పీడనాన్ని నిరోధించే హక్కు. నాలుగు మత స్వేచ్ఛా హక్కు..."

"బావా! రెండోది, నాలుగోది నాయి. అవి నీకెట్ల వచ్చు?"

"మీ అక్క చెప్తాంటె విన్న."

"అక్క ఒకటి, మూడు, ఐదే కద చెప్పేది?"

"మగ్గం మీద." రాంప్రసాద్ భుజం మీది తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. "పొద్దుగాల నేను ఆటో తుడుస్తాంటె ఎన్క సీట్ల కూసొని ఆమెది, నీది, రెండు చదివేది. పుస్తకం మొత్తం వచ్చు మీ అక్కకు."

యమున చేతిలో పుస్తకం మూసుకుపోయింది. ముందుగా ఆమెకు వచ్చింది కోపమే. అన్నీ వచ్చి కూడా ఏమీ రానట్టు, తన వంతు కోసం ఎదురుచూసినట్టు నటించిందా? క్లాసులో అందరూ నవ్వుతుంటే, నాకు ఆరూ వచ్చని ఎందుకు అనలేదు?

"మరి నాకెందుకు చెప్పలే?" పుస్తకం పక్కన పడేసింది. "నాది గూడ నేర్చుకోవే యమునా అని ఒక్క మాట అంటె ఏం పోయేది?"

"అదే అడిగిన." ఆయన అరుగు మీద పడిన వాననీళ్లు చేత్తో నెట్టేశాడు. "నీ సగం ఎక్కడన్న ఆగితె అందియ్యాలె అని ముందుగాల నేర్చుకున్నదట. ఆయాసం షురువైనంక, ఆమె సగం గూడ నీకు నేర్పాల్ననుకున్నది. రోజు అనుకునేది. ఎట్ల చెప్పుడో సమజైతలేదు అనేది. చెప్తె, అక్క పోతాంది అని అది బుగులు పడ్తది, ఇంకో నాల్గొద్దులు నవ్వనీ అన్నది."

యమున పుస్తకం మళ్లీ ఒళ్లోకి తీసుకుంది.

"నేనే తెలివితక్కువోన్ని" అన్నాడు రాంప్రసాద్. "రోజు దవాఖానకు పోదామా అని అడిగిన. అడుగుడేంది? ఎత్తుకొనిపోవాలె గని." తువ్వాల మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆయన ఏడవడం ఆ ఇంట్లో అంతకుముందు ఎవరూ చూడలేదు. యమున లేచి వెళ్లి, గడప ఇవతల, ఆయనకు వీపు పెట్టి కూర్చుంది. ఇద్దరూ చెరోవైపు తిరిగి, వాన తగ్గేదాకా ఏడ్చారు.

మర్నాడు పొద్దున యమున మగ్గం మీది పాత చీర తీసింది. కళావతి పోవడానికి ముందు నేసిన చివరి వరసలు కనిపించాయి. నడిమి గీత దగ్గర అక్క దారం ఉండాల్సిన చోట ఆగలేదు. జానెడు మేర ఇవతలికి, యమున సగంలోకి వచ్చి ఉంది. నాలుగు దెబ్బలకే ఊపిరి అందని ఆ రోజుల్లో కూడా అక్క గీత దాటి వచ్చింది. పక్కనే కూర్చుని, తన పనే తొందరగా అయిపోతోందని యమున సంబరపడింది తప్ప చూసుకోలేదు. ఆ జానెడు నేత మీద చెయ్యి పెట్టి ఆమె చాలాసేపు కూర్చుంది.

ఆ తరవాత ఒక్కతే నేయడం మొదలుపెట్టింది. ఎడమపక్కన కూర్చుని తన దారం నడుమ దాకా తెచ్చి, లేచి కుడిపక్కకు జరిగి, అక్క చోట్లో కూర్చుని అక్క దారం తెచ్చేది. మొదటిసారి అక్కడ కూర్చున్నప్పుడు పీటను చేత్తో తడిమి చూసింది. పీట ఆ చోట కొంచెం గుంటపడి ఉంది. ఎడమపక్కన ఉన్నంతసేపు నీలం వాక్యాలు, కుడిపక్కకు జరిగితే ఎర్ర వాక్యాలు. పని కుంటుపడింది, ఇద్దరి పని ఒకరు చేస్తే కుంటుపడకేం చేస్తుంది? కిషన్ రావు సారు ఒకసారి ఇంటికే వచ్చి, గుమ్మంలో నిలబడి ఆమె అటూ ఇటూ జరుగుతూ చదవడం చూసి, లోపలికి రాకుండా వెళ్లిపోయాడు.

ఎర్ర వాక్యాలు మొదట్లో అక్క గొంతుతోనే వచ్చేవి. అక్క ఎక్కడ సాగదీసేదో అక్కడే సాగేవి, "పీఠభూమి" అన్నప్పుడు ఆమెకు వచ్చే ఆ చిన్న నవ్వు కూడా వచ్చేది. యమునకు ధైర్యం వచ్చింది. నేర్చుకున్నా అక్క ఎక్కడికీ పోలేదనుకుంది.

పరీక్ష వచ్చింది. ఈసారి పక్క బెంచీ మీద ఎవరో కుర్రవాడి నంబరు ఉంది. హక్కుల ప్రశ్న మళ్లీ రాలేదు కానీ నేలల గురించి వచ్చింది, పంచాయతీల గురించి వచ్చింది. యమున ఎక్కడా చోటు వదలకుండా రాసింది. వాక్యం వెంట వాక్యం వస్తుంటే రాసుకుంటూ పోయింది. బెల్లు కొట్టాక పేపరు ఇచ్చేసి గేటు దాకా నడిచాక గానీ గుర్తుకు రాలేదు. లోపల కూర్చున్నంతసేపూ గొంతు సవరించుకున్న చప్పుడు వినిపించలేదు.

యమున పాసైంది. యాకయ్య వాడకట్టంతా లడ్డూలు పంచాడు. రాంప్రసాద్ కళావతి ఫొటో ముందు ఒక లడ్డూ పెట్టి, బయటికి పోయి ఆటో తుడవడం మొదలుపెట్టాడు. వచ్చే నెల నుంచి శిక్షణ కేంద్రంలో చేరమన్నారు. వచ్చినవాళ్లంతా "మీ అక్క ఉంటె ఎంత సంబరపడునో" అన్నారు. యమున అందరికీ తలూపింది.

అందరూ వెళ్లాక ఆమె మగ్గం మీదికి ఎక్కి ఎడమపక్కన, తన పాత చోట్లో కూర్చుంది. కుడిపక్క ఖాళీగా వదిలింది. అక్క సంతోషిస్తుందో లేదో ఒక్కసారి విందామనిపించింది.

"అక్కా, ప్రాథమిక హక్కులు చెప్పు" అంది.

అక్క వంతు కోసం నోరు బిగించి ఆగింది. పంజా చేతిలో ఎత్తి పట్టుకునే ఉంది. కుడిపక్క నుంచి ఏ చప్పుడూ రాలేదు. ఆగుదామనే అనుకుంది. కానీ నోరు ఆగలేదు. సమానత్వపు హక్కు అంది, స్వేచ్ఛా హక్కు అంది, మూడూ, నాలుగూ, ఐదూ, ఆరూ తనే అనేసింది. అన్నీ ఒకటే గొంతు, అది యమునది. ఎంత ఆపుకుందామన్నా ఎక్కడా అక్కకు సందు దొరకలేదు.